పల్లికాయ పెట్టని ఊరు

పొద్దున్నుంచి భాగ్యమ్మ మొగుడితో మాట్లాడలేదు. చాయ్ పంపింది, కోడలి చేత. ఉప్మా పంపింది, కొడుకు చేత. వేన్నీళ్లు కాగాయన్న కబురు మాత్రం ఎవరి చేతా పంపకుండా, బకెట్‌ను తానే మోసుకొచ్చి స్నానాల గది ముందు ధన్‌మని దించి పోయింది. ఆ చప్పుడుకు అర్థం రాములుకు తెలుసు. ఇన్నేళ్ల కాపురంలో ఆ ఇంటి గిన్నెలూ బకెట్లూ చాలా మాటలే నేర్చుకున్నాయి.

అయినా ఆయన చలించలేదు. హాల్లో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పల్లికాయలతో తీర్థయాత్ర చేస్తున్నాడు.

చాప ఈ కొసన ఒక పల్లికాయ. అది కొత్వాల్‌గూడలో తమ ఇల్లు. తుక్కుగూడ మీదుగా అడవిలోంచి పోతే రెండో పల్లికాయ, శ్రీశైలం. కింద మూడోది తిరుమల. దాని పక్కన కాళహస్తి. అక్కడి నుంచి ఆయన వేలు కడప మీదుగా పైకి జారి, ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి చేరింది.

ఆ వేలు జారిన దారిలోనే కర్నూలు ఉంది. కర్నూలు మీద పల్లికాయ లేదు.

కర్నూలులో ఆయన పెద్దబిడ్డ పూర్ణిమ ఉంది.

వంటింటి గుమ్మంలో నిలబడి భాగ్యమ్మ ఆ ఖాళీ జాగానే చూస్తోంది. పోయిన వానాకాలం జ్వరంతో రాములు దవాఖానలో పడి ఉన్నప్పుడు పసుపుగుడ్డలో ముడుపు కట్టింది ఆమే. మనిషి లేచి కూర్చుంటే ఇంటిల్లిపాదీ కొండకు వస్తామని మొక్కింది ఆమే. మనిషి లేచి కూర్చున్నాడు. కూర్చుని, ఇంటిల్లిపాదిలోంచి ఒకరిని తీసేసి దారి గీస్తున్నాడు.

"నాదే తప్పు అత్తయ్యా," అంది వెనకనుంచి ప్రియదర్శిని మెల్లగా. "కాళహస్తి సంగతి నేను చెప్పకుండా ఉండాల్సింది."

ప్రియదర్శినిది నెల్లూరు వైపు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. డ్యూటీకి పోవడానికి మెడలో స్కార్ఫు కట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని కూడా ఆ పిల్ల గడప దాటలేకపోతోంది. రాత్రి భోజనాల దగ్గర మాటల్లో మాటగా అన్నదామె, కాళహస్తి దర్శనమయ్యాక ఇంకో గుడికి గానీ, పరాయివాళ్ల ఇంటికి గానీ పోకూడదని, తిన్నగా సొంత ఇంటికే రావాలని తమ వైపు పెద్దలు గట్టిగా పాటిస్తారని. జాగ్రత్త కోసం చెప్పిన మాట అది. రాములు ఆ మాటను అందిపుచ్చుకుని పొలానికి ముళ్లకంప వేసినట్టు కర్నూలు చుట్టూ వేసేశాడు. పోయేటప్పుడు శ్రీశైలం తోవ, కర్నూలు తగలదు. వచ్చేటప్పుడు కాళహస్తి కట్టడి, కర్నూలులో దిగరాదు.

"నీ తప్పేం లేదు బిడ్డా," అంది భాగ్యమ్మ. "నువ్వు శాస్త్రం చెప్పినవ్. ఆయన దాన్ని కర్ర చేసుకున్నడు."

ఆ కర్ర ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగేళ్ల కింద ఈ కొత్త ఇంటికి గృహప్రవేశం చేసినప్పుడు భాగ్యమ్మ కాలు విరిగి మంచాన ఉంది. బొట్టు పెట్టి పిలవడానికి రాములు ఊళ్లన్నీ తిరిగాడు. గగన్‌పహాడ్ పోయాడు, రాజేంద్రనగర్ పోయాడు, అయినవాళ్లనూ కానివాళ్లనూ పిలిచాడు. కర్నూలుకు మాత్రం పోలేదు. పూర్ణిమకూ, ఆమె అత్తగారికీ కార్డును ఫోటో తీసి ఫోన్లో పంపించి, ఇంటి మనిషికి బొట్టేందని కొట్టిపారేశాడు. పూర్ణిమ రాలేదు. పుట్టింట్లో పాలు పొంగిన పొద్దు ఆడబిడ్డ స్థానంలో మేనత్త కూతురు నిలబడింది. బిడ్డ నా గడప తొక్కలేదు కాబట్టి నేను ఆమె గడప తొక్కనని ఆయన అందరి ముందూ అన్నాడు. అంతే, తొక్కలేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ తండ్రీబిడ్డలిద్దరూ అడుసు తొక్కారు. కాలు కడగడానికి మాత్రం ఎవరికి వాళ్లు రెండోవాళ్లు నీళ్లు తెస్తారని కూర్చున్నారు.

ఇంతలో పూర్ణిమకు ఆడపిల్ల పుట్టింది. మధు. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఆ పిల్లకు ఇంకా పుట్టువెంట్రుకలు తీయలేదు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయాలి, మేనమామేమో ఈ ఇంటి కొడుకు జగదీశ్. అన్నప్రాసన దాటింది, మొదటి పుట్టినరోజు దాటింది, పిల్ల జుట్టు భుజాలు దాటింది. అత్తవారింట ఎన్ని మాటలు పడిందో గానీ, పూర్ణిమ ఆ జుట్టు మీద కత్తెర పడనివ్వలేదు. బేసి ఏడు తప్పితే మళ్లీ ఐదో ఏడు దాకా ఆగాలి. నాన్న మీద కోపంతో పుట్టింటిని తెంచుకున్న బిడ్డ, తమ్ముడి ఒడి కోసం ఇన్నేళ్లు ఎందుకు ఆగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు భాగ్యమ్మకు తెలుసు. కొండకు పోతూ ఆ పిల్లను తీసుకుపోకపోతే ఈ ముడుపు దేవుడికి ముట్టినట్టే కాదని ఆమె నమ్మకం.

వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. బర్కత్ వచ్చాడు.

బర్కత్ రాములుకు చిన్ననాటి జత. శంషాబాద్ బస్టాండ్ దగ్గర ఏడు సీట్ల బండి కిరాయికి తిప్పుతాడు. ఈ యాత్రకు బండీ అతనిదే, తోలేదీ అతనే. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాప మీద కూలబడి, ఎటు చూసినా పల్లికాయలే కనిపించేసరికి ఒకటి తీసి వలుచుకుని నోట్లో వేసుకున్నాడు.

"గది కాళహస్తి," అన్నాడు రాములు.

బర్కత్ నమలడం ఆపాడు. జగదీశ్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. రాములు గంభీరంగా ఇంకో పల్లికాయను ఆ జాగాలో పెట్టి, దారంతా మొదటినుంచి చెప్పుకొచ్చాడు. బర్కత్ శ్రద్ధగా విన్నాడు. అంతా బాగానే ఉంది గానీ, కాళహస్తి నుంచి ఇంటిదాకా ఏకబిగిన తోలడం తన వల్ల కాదని, కర్నూలు దగ్గర జర నడుం వాల్చాల్సిందేనని అన్నాడు.

"ఢాబాల ఆపుదం," అన్నాడు రాములు. "ఢాబా ఇల్లు కాదు గద."

"బిడ్డ ఊరు పెట్టుకొని ఢాబాల పంటవా రాములన్నా?"

"కాళహస్తి పోయొచ్చినంక పరాయోళ్ల ఇంటికి పోవద్దు. కోడల్నడుగు. శాస్త్రం."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మాట మళ్లీ ప్రియదర్శిని మీదికే వచ్చింది. ఆ పిల్ల తల దించుకుంది. అదే భాగ్యమ్మను కదిలించింది. పొద్దున్నుంచి గిన్నెలతో మాట్లాడిన మనిషి చీర కొంగు నడుముకు బిగించి హాల్లోకి వచ్చి, చాపకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఓ పూర్ణిమ బాపూ," అంది.

పెళ్లయి పెద్దబిడ్డ పుట్టిన నాటినుంచి ఆమె మొగుడిని పిలిచిన పిలుపు అది. గృహప్రవేశం నాడు రాములు ఆ పిలుపుకు పలకనన్నాడు. అప్పటినుంచి ఆయన ఆ ఇంట్లో జగదీశ్ బాపు అయ్యాడు. ఇన్నాళ్లకు ఆ పేరు చెవిన పడేసరికి, అలవాటు కొద్దీ, తనకు తెలియకుండానే ఊకొట్టాడు.

"బర్కత్ ముందట ఒక మాట అడుగుత. చెప్తవా?"

"అడుగు."

"కార్డు ఫోన్ల పంపిన పొద్దు నువ్వేమన్నవో యాదికి తెచ్చుకో. ఇంటి మనిషికి బొట్టు ఏంది, బొట్టు పెట్టి పిలిచేది పరాయోళ్లను అన్నవ్. అన్నవా లేదా?"

"అన్న. అండ్ల తప్పేమున్నది?"

"తప్పు లేదు. మంచి మాటనే." భాగ్యమ్మ గొంతు పెంచలేదు. గొంతు పెంచితే ఆయనకు లేచిపోవడానికి సాకు దొరుకుతుందని ఆమెకు తెలుసు. "మరి ఇప్పుడేమంటున్నవ్? కాళహస్తి పోయొచ్చినంక పరాయోళ్ల ఇంటికి పోవద్దు, గందుకే కర్నూల్ల దిగొద్దు అంటున్నవ్. అంటే పూర్ణిమ ఇల్లు పరాయిదా?"

రాములు నోరు తెరిచాడు.

"ఆగు, తొందరపడి చెప్పకు," అంది భాగ్యమ్మ. "అది మన ఇల్లే అయితే శాస్త్రం అడ్డం రాదు, బండి ఆగాలె. లేదు, పరాయి ఇల్లే అయితే, నాడే నువ్వు కర్నూలు పోయి ఆ గడపల నిలవడి బొట్టు పెట్టాల్సి ఉండె. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు. నాకు ఏదైనా మంచిదే."

జగదీశ్ ఫోన్ జేబులో పెట్టేశాడు. ప్రియదర్శిని భుజాన ఉన్న బ్యాగు మెల్లగా కుర్చీలోకి దించింది. ఇంటి మీదుగా విమానం ఒకటి దిగుతూ పోయింది. కిటికీ అద్దాలు అదిరాయి, గోడకున్న దేవుడి పటం అదిరింది, చాప మీది పల్లికాయలు మాత్రం కదల్లేదు.

రాములుకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మన ఇల్లంటే దిగాలి. పరాయి ఇల్లంటే తప్పు తనది. అదీకాక, కన్నబిడ్డ ఇంటిని పరాయి ఇల్లని నలుగురి ముందు నోటితో అనాలి. కోపంలో ఎన్నో అన్న మనిషే గానీ, ఆ ఒక్క మాట మాత్రం ఆయన నాలుక మీదికి రాలేదు. ఎంత లాగినా రాలేదు. అది రానందుకు భాగ్యమ్మకు ఆ క్షణాన మొగుడి మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

"వదినా," అన్నాడు బర్కత్ మెల్లగా, "నువ్వు వకీలు కావాల్సి ఉండె."

రాములు నవ్వలేదు. చాప మీదికి వంగి, గిన్నెలోంచి ఒక పల్లికాయ తీశాడు. కాసేపు అరచేతిలో దొర్లించి, కర్నూలు దగ్గర పెట్టబోయాడు. చేయి మధ్యలోనే ఆగింది. ఆయన ఆ పల్లికాయను కాళహస్తి నుంచి వచ్చే దారిలో కాక, ఇంటి నుంచి బయలుదేరే దారిలో పెట్టాడు. అన్నిటికంటే ముందు.

"వచ్చేటప్పుడు గాదు," అన్నాడు. "పోయేటప్పుడే."

"గదెందుకు?" అన్నాడు జగదీశ్ అర్థం కాక.

"బొట్టు ముందుగాల పెడ్తరు. యాత్ర అయిపోయినంక పెడ్తరా ఎవలన్న?"

లేచి దేవుడి గదిలోకి పోయాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో కుంకుమ భరిణె ఉంది. గృహప్రవేశానికి ఊరూరా తిప్పిన భరిణె అదే, కర్నూలు ఒక్కటే చూడలేదు. భాగ్యమ్మ కళ్లు నిండాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు, దాచుకోలేదు. గెలిచిన మనిషి ఏడిస్తే చూసేవాళ్లకు చూడనీ అనుకుంది. ప్రియదర్శిని వచ్చి ఆమె పక్కన ఆనుకుని కూర్చుంది.

మరి శ్రీశైలం పోతుందేమోనని జగదీశ్ సందేహపడ్డాడు. కర్నూలు మీదికెల్లి గూడ శ్రీశైలానికి తోవ ఉందని, తాను ఎన్నోసార్లు తోలానని బర్కత్ ధైర్యం చెప్పాడు. కొండ మీద దర్శనం టికెట్లు ఈ ఇంట్లోవాళ్లకే ఉన్నాయి, కొత్తగా వచ్చేవాళ్ల సంగతేమిటని ప్రియదర్శిని అడిగింది. అందరం కలిసి ధర్మదర్శనం లైన్లో నిలబడదామని, ఇన్నేళ్లు ఆగిన మధుకు లేని తొందర మనకెందుకని భాగ్యమ్మ తేల్చేసింది. చాలా కాలానికి ఆ ఇంట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడారు.

"ఫోన్ కలుపు," అన్నాడు రాములు కొడుకుతో.

భాగ్యమ్మ బిడ్డతో మాట్లాడుతూనే ఉంటుంది, ఆయన పొలం వైపు పోయినప్పుడు. అది ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆయన ఎదురుగా, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి మాట్లాడడం మాత్రం ఇదే మొదటిసారి. యాత్ర సంగతీ, పల్లికాయ సంగతీ, భరిణె సంగతీ ఆమె గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"బాపు పక్కన్నే ఉన్నడా?" అంది అవతల పూర్ణిమ.

"ఉన్నడు. వింటున్నడు."

"బాపూ," అంది పూర్ణిమ. "మధు జుట్టు నడుం దాక వచ్చింది. దువ్వుతుంటె ఏడుస్తది. మామ వస్తడు, మామ ఒళ్లె తీస్తరు అని చెప్పుకుంట దువ్వుతున్న."

జగదీశ్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. రాములు భరిణె మూత తిప్పుతూ, విప్పుతూ, మళ్లీ తిప్పుతూ ఉండిపోయాడు. "వస్తున్నం బిడ్డా," అన్నాడు. అంతకు మించి ఆయన వల్ల కాలేదు. అంతకు మించి ఎవరికీ అక్కర్లేకపోయింది కూడా.

"నాకు బొట్టు పెట్టకున్నా నేను వస్త బాపూ. ఇగ నాకు పట్టింపు లేదు," అంది పూర్ణిమ. "కాని మా అత్తమ్మ గూడ రావాలె. నాయనమ్మ లేకుంట పిల్లకు పుట్టువెంట్రుకలు ఎట్ల తీస్తం? నాడు ఆమె చీర గూడ తీసి పెట్టుకొని పిలుపు కోసం చూసింది. ఆమెను పిలువాలె. ఆమెకు బొట్టు నువ్వు పెడితే కాదు. అమ్మ పెట్టాలె."

భాగ్యమ్మ నిటారుగా కూర్చుంది.

ఇంట్లో అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి. పూర్ణిమ అత్తగారు అమృతమ్మ పేరు ఆ ఇంట్లో ఎత్తకూడదు. రాములు వల్ల కాదు, భాగ్యమ్మ వల్లనే. మధు పుట్టినప్పుడు మొగుడికి చెప్పకుండా, కొడుకును వెంటబెట్టుకుని కర్నూలు దవాఖానకు పరిగెత్తింది భాగ్యమ్మ. చుట్టాలందరూ నిలబడి ఉండగా అమృతమ్మ, తమ వైపు పిలవని పేరంటానికి ఎవరూ రారని నవ్వుతూ అన్నది. పసిగుడ్డును ఒక్కసారి చేతిలోకి తీసుకుని, మళ్లీ ఇచ్చేసి, మంచినీళ్లయినా తాగకుండా తిరిగి వచ్చేసింది భాగ్యమ్మ. ఆ ముఖం మళ్లీ చూడనని బస్సులోనే ఒట్టు పెట్టుకుంది. మొగుడి పట్టింపు గురించి ఊరంతా చెప్పుకున్న మనిషి, తన పట్టింపు గురించి మాత్రం కొడుకుకు కూడా మళ్లీ చెప్పుకోలేదు.

రాములు చేయి చాపి, కుంకుమ భరిణెను చాప మీదుగా ఆమె ముందుకు జరిపాడు. అది పల్లికాయల నడుమ నుంచి, కర్నూలు పక్కనుంచి పోయి ఆమె మోకాలి దగ్గర ఆగింది.

"రెండిట్ల ఏదో ఒకటి చెప్పు," అన్నాడు. ఆయన మీసాల కింద నవ్వు దాగలేదు.

భాగ్యమ్మ మొగుడి వంక చూసింది. ముళ్లకంప వేసినప్పుడు కోపం రాలేదా అంటే వచ్చింది, ఇప్పుడూ వచ్చింది. కానీ ఈ కోపంలో ఎక్కడో నవ్వు కలిసింది. పొద్దున్నుంచి తాను పన్నిన వల ఇంత పెద్దదని, తాను కూడా అందులో పడతానని ఆమె అనుకోలేదు. నడుం దాకా వచ్చిన జుట్టు, దువ్వుతుంటే ఏడ్చే పిల్ల కళ్ల ముందు మెదిలాయి. ఆమె భరిణె తీసి రొండిన దోపుకుంది.

"బర్కత్," అంది. "ఏడు సీట్ల బండి చాలదు. పెద్దది మాట్లాడు."

బర్కత్ చేతిలో ఉన్న తిరుమలను నోట్లో వేసుకుని ఫోన్ తీశాడు. సరిగ్గా అప్పుడే అవతల వెనకనుంచి ఎవరమ్మా ఫోన్లో అన్న గొంతు వినిపించింది. పూర్ణిమ ఏదో గుసగుసగా చెప్పింది. ఫోన్ చేతులు మారిన గరగర.

భాగ్యమ్మ గబుక్కున స్పీకర్ ఆపించి ఫోన్ చెవికి పెట్టుకుంది.

"వదినా, నేను భాగ్యమ్మను," అంది. "కొండకు పోతున్నం. పిలుద్దామని చేసిన."

అవతల అమృతమ్మ గొంతు, మధు పుట్టినప్పుడు విన్న గొంతే, ఒక్క వంపు కూడా మారలేదు.

"ఫోన్లో పిలిస్తే ఎవురొస్తారు వదినా?"

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అయినా భాగ్యమ్మకు నొప్పి తెలియలేదు. ఆ మాట న్యాయమైందని మొదటిసారి అనిపించింది, అనిపించగానే నోటినిండా నవ్వు వచ్చింది. "ఎవలు రారు," అంది. "గందుకే గడపల నిలవడి పిలుస్త. ఎల్లుండి పొద్దుగాల తలుపు తీసి పెట్టు."



"రాండి," అంది అమృతమ్మ. "వచ్చినాక చూద్దాం."

ఫోన్ ఆగిపోయింది. రాములు, జగదీశ్, ప్రియదర్శిని, బర్కత్, నలుగురూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఏమన్నదని రాములు అడిగాడు.

"రమ్మన్నది," అంది భాగ్యమ్మ.

మిగతా సగం మాటను రొండిన భరిణెతో పాటు దాచుకుని, కర్నూలు మీది పల్లికాయను వేలితో ఇంకాస్త గట్టిగా చాపకు అదిమి, యాత్రకు సర్వపిండి చేయడానికి బియ్యప్పిండి డబ్బా కోసం వంటింట్లోకి నడిచింది.